మా కోళ్ల నీళ్ల మీద అత్తమ్మకూ నాకూ రోజూ మాటా మాటా

అల్వాల్ వైపు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఇంటి వెనక ముప్పై గజాల ఖాళీ జాగాలో కోళ్లు సాకుతున్నారు. మొన్నటిదాకా పది ఉండేవి, ఇప్పుడు ఎనిమిది: నాలుగు వనరాజా పెట్టలు, మూడు నాటు పెట్టలు, ఒక పుంజు. ఆమె పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసుకు వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు. సిద్దిపేట దగ్గర ఊళ్లో నలభై ఏళ్లు కోళ్లు సాకిన మనిషి. ఆవిడ వెడల్పాటి మట్టి తొట్టిలో నీళ్లు పోస్తారు, చిటికెడు పసుపు వేస్తారు. కోళ్లు అందులో దిగి నడుస్తాయి, పది గంటలకల్లా రెట్ట తేలుతుంది. అది చూడలేక కోడలు బోర్లించి పెట్టే ఐదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా కొన్నారు. రోజూ మధ్యాహ్నానికి దాని కింద బురదే. లీకేజీ అనుకుని రెండుసార్లు మార్చినా అదే వరస. ఆర్వో మిషన్ నుంచి పోయే నీళ్లు వృథా ఎందుకని కోళ్లకే పోస్తున్నారు.

ఏప్రిల్ ఆఖరి వారంలో, నాలుగు రోజుల తేడాతో, రెండు వనరాజా పెట్టలు మధ్యాహ్నం పూట చచ్చిపోయాయి. "నీ ప్లాస్టిక్ డబ్బా వల్లే" అన్నారు అత్తగారు. "మీ మురికి తొట్టి వల్లే" అన్నారు ఈమె. రోజూ ఐదు గుడ్లొచ్చే చోట ఒకటో రెండో వస్తున్నాయి, అవీ తోలు పెంకుతో. పక్కింటివాళ్లేమో దోమలు మీ తొట్టి వల్లే అంటూ మున్సిపాలిటీకి చెబుతామంటున్నారు. షికాగోలో ఉన్న మరిది తన కోళ్లకు వాడే కరెంటు వేడి పళ్లెం ఒకటి పంపిస్తానంటున్నాడు, డిసెంబరులో నీళ్లు చల్లబడకుండా. భర్త ఎవరి పక్షమూ మాట్లాడడు. నెలాఖరుకు పెళ్లికి ఊరెళ్లాలి, నాలుగు రోజులు కోళ్లను చూసేవాళ్లు లేరు. "ఏ గిన్నె మంచిది? ఆ రెండూ నా వల్లే చచ్చిపోయాయా? మొత్తం ఎవరికైనా ఇచ్చేయమంటారా?" అని ముగించారు.

చెల్లెమ్మా, ముందు ఆ రెండు పెట్టల సంగతి మాట్లాడుకుందాం. మిగతా గొడవంతా దాని చుట్టూనే అల్లుకుంది కాబట్టి.

మీరు రాసినదాన్ని బట్టి రెండూ బరువైనవే. రెండూ మూడు గంటల ప్రాంతంలో, నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి దూరంగా చాపుకుని పడున్నాయి. పొద్దున మేత తిన్నాయి. రెట్ట పచ్చగా లేదు, మెడ తిరగలేదు, మిగతావాటికి ముక్కు కారడం లేదు. ఇదంతా కలిపి చూస్తే వడదెబ్బలాగే ఉంది. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. బయటి గాలి కూడా 40 దాటితే, వేడి వదిలించుకోవడానికి దానికి మిగిలే పెద్ద దారి రొప్పడమే. రొప్పిన కొద్దీ ఒంట్లో నీరు పోతుంది. ఒళ్లు బరువైన కొద్దీ లోపలి వేడి బయటపడటం కష్టం. నాటు పెట్టలు తట్టుకుని, మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో రూపొందించిన వనరాజా పడిపోవడానికి తేడా అక్కడే ఉంది. ఆ జాతిలో లోపమేమీ లేదు. ఒళ్లున్న పెట్టకు మధ్యాహ్నం పూట నీళ్లు, నీడ ఇంకాస్త ఎక్కువ కావాలి, అంతే.

ఆ రోజు తొట్టిలోనూ నీళ్లున్నాయి, మీ డబ్బాలోనూ ఉన్నాయి అని మీరే రాశారు. అవి తాగేలా ఉన్నాయా అన్నది ఎవరూ చూడలేదు. నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటితే కోడి తాగడం తగ్గిస్తుంది. ఒంటి వేడిని దాటిందంటే ముక్కు పెట్టి తీసేస్తుంది. రేపు మధ్యాహ్నం రెండింటికి మీ అత్తమ్మను తొట్టిలో వేలు ముంచి చూడమనండి. వేలికి గోరువెచ్చగా తగిలితే ఆ నీళ్లు కోడికి పనికిరావు. కాబట్టి ఈ చావుల్ని గిన్నె మీదా, ఒకరి మీద ఒకరూ వేసుకోవడం ఆపేయండి. ఆ గంటలో ఇద్దరి గిన్నెలూ ఎండలోనే ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. మూడోది కూడా పోయి, దానికి పచ్చటి విరేచనాలో, మెడ మెలితిరగడమో, గురకో ఉంటే వడదెబ్బ అనుకుని ఊరుకోవద్దు. కళేబరాన్ని కవర్లో చుట్టి ఐసు మీద పెట్టి, అదే రోజు పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి కోసి చూడమనండి. కొక్కెర తెగులు అయితే మిగతావాటిని కాపాడుకునే దారి వేరు.

ఇప్పుడు మీ డబ్బా కింది బురద. దీనికి ఇద్దరూ ఒకరినొకరు అన్న మాటలు చాలా ఉన్నాయి, కానీ ఆ డబ్బాలో చిల్లు లేదు. బోర్లించే డబ్బా ఎలా పనిచేస్తుందో చూడండి. లోపల నీటిపైన కొంత గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి బయటి గాలి కంటే పలచగా ఉన్నంతసేపు నీళ్లు లోపలే ఆగుతాయి. పళ్లెంలో నీటి మట్టం తగ్గి రంధ్రం బయటపడితే ఒక బుడగ లోపలికి వెళ్తుంది, అంత నీరు కిందికి దిగుతుంది. పొద్దున నిండుగా పోస్తే గాలి జాగా తక్కువ. కోళ్లు తాగేసి డబ్బా సగం అయ్యాక లోపల రెండున్నర, మూడు లీటర్ల గాలి ఉంటుంది. పదకొండింటికి ఎండ తగిలి ఆ గాలి 25 డిగ్రీల నుంచి 45కు చేరితే అది వ్యాకోచిస్తుంది. దానికి తోడు నీటి ఆవిరి. రెండూ కలిసి గ్లాసుకు పైగా నీళ్లను బయటికి తోస్తాయి. పళ్లెం అంత పట్టదు, పొంగి కింద పోతుంది. మీరు సాయంత్రం వచ్చి డబ్బాలో ఇంకా నీళ్లుండటం చూసి, మరి బురద ఎక్కడిదని తల పట్టుకుంటారు.

అంతకంటే చెడ్డది రాత్రి జరుగుతుంది. చల్లబడిన గాలి ముడుచుకుని, పళ్లెంలో రెట్ట, మట్టి కలిసిన నీళ్లను తిరిగి డబ్బాలోకి లాక్కుంటుంది. మీరు వేలితో తడిమితే జారుడుగా తగిలిందన్న పాచి అలా పెరిగిందే. డబ్బా తెల్లగా, వెలుతురు లోపలికి వెళ్లేలా ఉంటే నాచు కూడా పడుతుంది. కాబట్టి మూడో డబ్బా కొనకండి. ఉన్నదాన్నే నీడకు మార్చండి, మధ్యాహ్నం పన్నెండింటికల్లా మళ్లీ నిండుగా నింపించండి, రాత్రి ఖాళీ చేసి బోర్లించి ఆరబెట్టండి. నేల వాలుగా ఉన్నా ఇది పొంగుతుంది. రెండు ఇటుకల మీద పెట్టి, పళ్లెంలో నీళ్లు చుట్టూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూసుకోండి.

నీడ అన్నాను కదా, అది మీరనుకున్నంత తేలిక కాదు. ప్రహరీ గోడ పక్కన పెట్టాం అని రాశారు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ రోజుల్లో పన్నెండింటికి ఏ గోడా నీడ ఇవ్వదు. ఒంటిగంట దాటాక నీడ ఇంటికి తూర్పు పక్కకు పడుతుంది. మీ జాగాలో పైకప్పు ఉన్న చోటు వెతకండి: మెట్ల కింద, సజ్జ కింద, లేదంటే నాలుగు కర్రలు పాతి తడికో, రెండు పొరల గ్రీన్ నెట్టో కట్టండి. రేకు మాత్రం వద్దు. ఎండకు రేకే కాలి కిందికి సెగ కొడుతుంది. తప్పనిసరి అయితే దాని మీద గడ్డి పరిచి తడపాలి.

ఇంకో సంగతి, నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తున్నారన్నది. మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నల్లా తిప్పి తొట్టి నింపితే "ఇప్పుడే మార్చాను" అన్న తృప్తి తప్ప కోడికి ఒరిగేదేమీ లేదు. తెల్లారి ఐదున్నరకు ట్యాంకు నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉంటాయి. అప్పుడే పదిహేను లీటర్లు పట్టి రంజన్‌లో పోసి, తడి గోనెసంచి చుట్టి నీడలో ఉంచండి. సంపులోంచి తోడుకోగలిగితే ఇంకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మనది పొడి వేడి కాబట్టి మట్టి కుండ బాగా చల్లబరుస్తుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగాక ఆ పని అంతగా చేయదు, కానీ అప్పటికి అవసరమూ తగ్గుతుంది.

ఇక గిన్నె. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, అత్తమ్మ తొట్టినే సరిగ్గా వాడటం. ఆవిడ పద్ధతిలో ఒక నిజం ఉంది, దాన్ని మీరు కొట్టిపారేయొద్దు. ఎండలో కోడి నీళ్లు తాగడమే కాదు, నెత్తి మీది జుట్టునూ, గొంతు కింద వేలాడే ఎర్ర తోలునూ నీళ్లలో ముంచుకుంటుంది. అవి తడిస్తే అక్కణ్నుంచి కూడా వేడి బయటికి పోతుంది. విశాలమైన మట్టి తొట్టిలో అది కుదురుతుంది. తప్పల్లా తొట్టి నేల మీద ఉండటంలో ఉంది. ఇటుకలు పేర్చి అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా పెట్టండి. కాళ్లతో చిమ్మిన మట్టి అప్పుడు అందులో పడదు. పైన కొంచెం వెడల్పు కళ్ల జాలీ కమాను వంచి పెడితే తల పడుతుంది, కాళ్లు పట్టవు. ఒకటికి రెండు తొట్లు ఉంచండి: ఒకటి వాడకంలో, రెండోది తోమి ఎండలో బోర్లించి. పొద్దున ఆరింటికి, పదకొండింటికి, రెండింటికి, నాలుగింటికి నీళ్లు మార్చాలి. ఇది చక్కగా పనిచేస్తుంది, కానీ మొత్తం భారం పెద్దావిడ మీద పడుతుంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులని మీరే రాశారు. ఆవిడ ఊరెళ్లిన రోజు ఈ పద్ధతి ఆగిపోతుంది.

రెండోది నిపుల్ బకెట్, అంటే కోడి పొడిస్తే చుక్క వదిలే చిన్న మొనలు (నిపుల్స్) బిగించిన బకెట్. మీ మనసు దీని మీదే ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. నీళ్ల శుభ్రత వరకు ఇదే మేలు, ఎందుకంటే నీళ్లు మూత కింద ఉంటాయి, కోడి ముక్కుతో పొడిస్తేనే వస్తాయి. మూతున్న కొత్త ఇరవై లీటర్ల బకెట్ తీసుకోండి. పెయింటు బకెట్ ఎంత కడిగినా తాగే నీళ్లకు వద్దు. ముదురు రంగుదైతే నాచు పట్టదు, కానీ నీడలోనే ఉండాలి. పక్కకు బిగించే రకం నిపుల్స్ నాలుగు చాలు మీ ఎనిమిదింటికి. అడుగు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన రంధ్రాలు వేస్తే మడ్డి కింద ఆగిపోతుంది. నాలుగూ ఒకే పక్కన పెట్టకండి. పుంజో, పెత్తనం చేసే పెట్టో అడ్డంగా నిలబడితే బక్కది దాహంతో ఉండిపోతుంది. రెండు ఒక పక్క, రెండు ఎదురు పక్క. రంధ్రం కొలత నిపుల్‌ను బట్టి మారుతుంది, తరచు 9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ముందు ఏదైనా పాత డబ్బాకు రంధ్రం వేసి బిగించి చూడండి. పెద్ద రంధ్రం పడితే టెఫ్లాన్ టేపు కూడా ఆపలేదు.

ఇందులో అందరూ చేసే పొరపాటు మూత గట్టిగా బిగించేయడం. నీళ్లు తగ్గిన కొద్దీ లోపల గాలి పలచబడి, కాసేపటికి నిపుల్ పొడిచినా చుక్క రాదు. బకెట్ నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది, కోళ్లు మాత్రం ఎండిపోతాయి. మూతకు రెండు మిల్లీమీటర్ల చిన్న చిల్లు పెట్టండి. మీ బోర్లించే డబ్బాకు గాలి చొరబడకూడదు, ఈ బకెట్‌కు చొరబడాలి. ఈ తేడా అత్తమ్మకు కూడా చెప్పి ఉంచండి. రెండో పొరపాటు మిద్దె ట్యాంకు పైపును నేరుగా నిపుల్స్‌కు కలపడం. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి ఒత్తిడికి అవి ఆగకుండా కారతాయి. పైపు కావాలంటే బకెట్ లోపల ఫ్లోట్ వాల్వ్ పెట్టించి, అక్కణ్నుంచి నిపుల్స్‌కు పంపాలి.

మీ బోరు నీళ్లతో మూడో సమస్య వస్తుంది. నాలుగైదు వారాల్లో నిపుల్ మొన చుట్టూ తెల్లటి సున్నం పొర కడుతుంది. అప్పుడు అది కారడమైనా కారుతుంది, బిగుసుకుపోనైనా పోతుంది. విప్పి, లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి గంటసేపు నానబెడితే వదిలిపోతుంది. రోజూ పొద్దున ఒక్కో నిపుల్‌ను వేలితో నొక్కి చుక్క వస్తోందా చూడటం అలవాటు చేసుకోండి. అరనిమిషం పని, కానీ మానకూడదు.

అయితే, చెల్లెమ్మా, ఈ మార్పు ఇప్పుడు చేయొద్దు. నిపుల్ నేర్చుకోవడానికి కోళ్లకు వారం పడుతుంది, ముదురు పెట్టలకు ఇంకా ఎక్కువ. ఆ వారంలో అవి తక్కువ తాగుతాయి. మే నెలలో తక్కువ తాగడమంటే ఏమవుతుందో మీరు చూశారు. నవంబరు, డిసెంబరులో మొదలుపెట్టండి. పొద్దున మేత వేయకముందు, దాహంగా ఉన్నప్పుడు నిపుల్ మొనను వేలితో తట్టి మెరిసే చుక్క చూపించండి. ఒక్కటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి పొడుస్తాయి. అన్నీ తాగుతున్నాయని కళ్లారా చూసేదాకా తొట్టి తీసేయొద్దు.

మూడో దారి రెండూ ఉంచుకోవడం. ఏడాది పొడుగునా తాగడానికి నిపుల్ బకెట్, మార్చి నుంచి మొదటి వానల దాకా మధ్యాహ్నం పూట ముంచుకోవడానికి అత్తమ్మ తొట్టి. దీనికి సామాను ఎక్కువ, కడుగుడు ఎక్కువ. కానీ ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. మీ ఇంటి పరిస్థితికి నాకు ఇదే నప్పుతుందనిపిస్తోంది. ఈ ఎండాకాలం మాత్రం తొట్టితో, నీడకు మార్చిన డబ్బాతో గడపండి.

చల్లదనానికి ఇంకో చిన్న ఉపాయం. లీటరు సీసాను ముప్పావు వంతే నింపి ఫ్రీజర్‌లో పెట్టండి, నిండుగా పోస్తే గడ్డకట్టేటప్పుడు పగులుతుంది. పదకొండింటికి ఆ సీసాను పది లీటర్ల నీళ్లలో వేస్తే ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. రెండు సీసాలుంటే ఒకటి మార్చి ఒకటి. ఐసు ముక్కలు నేరుగా వేయడంలోనూ హాని లేదు, త్వరగా కరిగిపోతాయంతే. కోడి రొప్పుతూ కూలబడితే నీడకు తెచ్చి కాళ్లు, పొట్ట మామూలు చల్లటి నీళ్లలో ముంచండి. ముక్కు చివర చుక్క చుక్కగా అందించండి. గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మధ్యాహ్నం మేత వేయడం ఆపి తెల్లవారుజామున, సాయంత్రం వేయండి. అరుగుదలతో పుట్టే వేడి కూడా తక్కువేమీ కాదు.

ఆర్వో వృథా నీళ్లు ఈ రోజే ఆపేయండి. మీ బోరు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత, 1100 అని రాశారు. మూడు లీటర్లలో ఒక లీటరు మంచి నీళ్లు తీసి రెండు వదిలే మిషన్ అయితే, ఉప్పంతా ఆ రెండింట్లో చేరి టీడీఎస్ 1600 దాటుతుంది. కోళ్లకు వెయ్యి లోపు ఏ ఇబ్బందీ లేదు. వెయ్యి నుంచి మూడు వేల మధ్య చావవు గానీ రెట్ట నీళ్లగా పడుతుంది, గూడు తడిసి కంపు కొడుతుంది, ఆ తడిలో రక్త విరేచనాల జబ్బు పెరుగుతుంది. మీ గూట్లో చిత్తడి అని రాశారు కదా, అందులో దీని పాలు ఉండి ఉంటుంది. రోజు విడిచి రోజు వచ్చే సర్కారు నల్లా నీళ్లు రోజుకు నాలుగు లీటర్లు వీటికి తీసిపెట్టడం కష్టం కాదు. అందులోని క్లోరిన్ కోళ్లకు మేలే. కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా నీళ్లలో కలిపి ఇచ్చే రోజున మాత్రం క్లోరిన్ ఉన్న నీళ్లు వాడకూడదు, టీకా చచ్చిపోతుంది. ఆ రోజు గిన్నె కూడా బ్లీచింగ్ తగలనిదై ఉండాలి.

నాలుగు లీటర్ల లెక్క ఎక్కడిదంటే, పెట్ట మామూలు రోజుల్లో పావు లీటరు, ఎండల్లో అర లీటరు దాకా తాగుతుంది. మీవి ఎంత తాగుతున్నాయో రెండు రోజులు కొలిచి చూడండి. పొద్దున ఆరింటికి కొలిచి పోసి, సాయంత్రం మిగిలింది కొలవండి. పక్కనే అలాంటి తొట్టిలోనే నీళ్లు పోసి జాలీ కప్పి ఉంచితే ఆవిరైనది తెలుస్తుంది, దాన్ని తీసేయండి. మూడున్నర, నాలుగు లీటర్లు వస్తే నిశ్చింత. రెండు కూడా రాకపోతే నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయని అర్థం. గుడ్లు తగ్గడం కూడా ఇక్కణ్నుంచే. గుడ్డు సొనలో ముప్పావు వంతు నీరే. ఒక్క రోజు పూర్తిగా నీళ్లు లేకపోతే మళ్లీ గాడిన పడటానికి వారాలు పడుతుంది. తోలు పెంకు సంగతి, రొప్పినప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, రక్తంలో పెంకు కట్టే సరుకు తగ్గుతుంది. అందుకే మీరు ఎంత సున్నపు పొడి వేసినా పెంకు గట్టిపడలేదు.

పసుపు గురించి అత్తమ్మతో గొడవ వద్దు. చిటికెడు వల్ల విషమేమీ కాదు. కానీ రుచి మారిన నీళ్లు కొన్ని కోళ్లు తక్కువ తాగుతాయి, అడుగున పేరుకున్న మడ్డి పాచికి మేత అవుతుంది. "ఈ రెండు నెలలు మేతలో కలుపుదాం అత్తమ్మా" అనండి. మజ్జిగ పోస్తే గంట, రెండు గంటల్లో తీసేసి గిన్నె కడగాలి. ఉప్పు మాత్రం నీళ్లలో వేయొద్దు.

కడగడం రోజూ కొబ్బరి పీచుతో తోమడమే, లోపలి జారుడు పోయేదాకా. వారానికోసారి ప్లాస్టిక్ సామానును పది లీటర్ల నీళ్లలో చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి పావుగంట ముంచి, బాగా కడిగి ఎండబెట్టండి. మట్టి తొట్టికి బ్లీచింగ్ వద్దు, పీల్చుకుంటుంది. మరిగే నీళ్లు పోసి ఒక రోజంతా ఎండలో పెట్టండి. బ్లీచింగ్, నిమ్మ ఉప్పు ఒకే గిన్నెలో ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

పక్కింటివాళ్ల కోపం పూర్తిగా అన్యాయం కాదు. గుడ్డు నుంచి దోమ రెక్కలు విప్పడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు పడుతుంది. రోజూ ఒంపేసే తొట్టిలో అది జరగదు. కానీ డెంగీ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది, అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఒంపి మళ్లీ పోస్తే చాలదు, అంచు తోమాలి. ఒంపిన నీళ్లు ఒకే చోట పోయకుండా కరివేపాకుకో అరటికో పోయండి. ఆ పక్కింటావిణ్ని ఒక పొద్దున పిలిచి మీరు తోమేది చూపించండి, అదే చూపుతో మీ కూలర్ అడుగునూ, పూలకుండీల పళ్లాలనూ కూడా చూసుకోండి. తొట్టి కంటే అవే అనుమానం.

మరిదిగారి వేడి పళ్లెం వద్దని ప్రేమగా చెప్పండి. అక్కడ చలికాలంలో నీళ్లు గంటల్లో గడ్డకడతాయి, కోడికి తాగడానికి చుక్క ఉండదు, కాబట్టి ఆయనకు అది ప్రాణావసరం. మన దగ్గర 1946 జనవరిలో పడిన 6.1 డిగ్రీలే రికార్డుల్లో చెప్పుకునే పెద్ద చలి. నీళ్లు గడ్డకట్టే మాటే లేదు, చల్లటి నీళ్లు కోడికి హానీ కాదు. పైగా అది అక్కడి 120 వోల్టుల కరెంటుకు చేసింది. మన 230లో పెడితే నాలుగింతలకు దగ్గరగా వేడి పుట్టి కాలిపోతుంది, గూట్లో గడ్డి అంటుకుంటుంది. డిసెంబరులో మీరు చేయాల్సింది, రాత్రి నీళ్లు పారబోసి తెల్లారగానే తాజావి పెట్టడం, అంతే.

ఇచ్చేయడం గురించి. మీ ఇద్దరిలో మధ్యాహ్నం పని మోసే మనిషి లేకపోతే, నాలుగు వనరాజాలను ఊళ్లో చెట్ల నీడ ఉన్న బంధువుకు ఇచ్చి నాటువి ఉంచుకోవడం తప్పేమీ కాదు. గుడ్లు తగ్గుతాయి, గుండెదడ కూడా తగ్గుతుంది. ఇస్తే మాత్రం తెల్లవారుజామున తరలించండి, మధ్యాహ్నం గంపలో బస్సెక్కిస్తే దారిలోనే పోతాయి. అన్నీ ఇచ్చేయాలన్నది కోపంలో తీసుకునే నిర్ణయంలా ఉంది. నీడ కట్టి, నీళ్లు కొలిచిన రెండు వారాల తరవాత మళ్లీ ఆలోచించండి. మీవారికి ఒక పని అప్పగించండి, తెల్లారి ఐదున్నరకు రంజన్ నింపడం. ఎవరి పక్షమూ కాని పని అది, చేస్తారు.

పెళ్లికి వెళ్లే నాలుగు రోజులకు ఒక్క గిన్నెను నమ్ముకోవద్దు. నీడలో తొట్టి ఒకటి, డబ్బా ఒకటి, ఇటుకల మీద దూరం దూరంగా పెట్టండి. పక్కింటావిడనే అడగండి. ఆ నాలుగు రోజుల గుడ్లు ఆవిడవే అని చెప్పండి. రోజుకు రెండుసార్లు, పదకొండింటికి, మూడింటికి వచ్చి మార్చితే చాలు. బయల్దేరే ముందు ఆదివారం ఒకసారి మీరు ఇంట్లోనే ఉండి ఆవిడ చేత చేయించి చూడండి. రంజన్ ఎక్కడుందో, ఫ్రీజర్‌లో సీసా ఏ అరలో ఉందో, గూటి గొళ్లెం ఎలా పడుతుందో ఆ రోజే తెలిసిపోతుంది.